లడఖ్ చలిలో మొరాయించే బండి

జనవరి మాసంలో లేహ్ పట్టణపు ఉదయం సెల్ఫు మోటార్ల మూలుగుతో మొదలవుతుంది. సందుల్లోనూ, అంగడివీధి చివరనూ రాత్రంతా చలిలో నిలిచిన జీపులూ, టాక్సీలూ, లారీలూ ఒకదాని వెంట ఒకటి గొంతు సవరించుకొంటాయి. కొన్ని పలుకుతాయి, కొన్ని పలుకవు. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున, సింధునది లోయలో ఉన్న ఈ ఊరిలో శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 15 డిగ్రీలకు పడిపోవడం విశేషమేమీ కాదు. శ్రీనగర్ మార్గంలోని ద్రాస్‌లో చలి ఇంతకన్న క్రూరమైనది.

మైదానంలో బండి కదలకపోతే ఆఫీసుకు ఆలస్యమవుతుంది, అంతే. లడఖ్ సంగతి వేరు. శీతకాలంలో మనాలి మార్గం నెలల తరబడి మూతపడుతుంది. 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం రోహతాంగ్ కనుమను తప్పించింది గాని, దానికి ఆవల బారలాచా వంటి ఎత్తయిన కనుమలు ఉండనే ఉన్నాయి. శ్రీనగర్ వైపున జోజిలా కనుమ కూడా హిమపాతాన్ని బట్టి మూతపడుతూ ఉంటుంది. అందువల్ల ఇంధనాన్ని మంచు పడకముందే తెచ్చి నిల్వచేసుకోవాలి. అత్యవసరమైన విడిభాగం విమానంలో దిగాలి. లోయ లోపలి గ్రామంలో ప్రసవవేదన పడుతున్న స్త్రీని లేహ్ ఆసుపత్రికి చేర్చవలసిన బండి, ఆ ఊరి కంతటికీ ఉన్న ఒక్క బండి, తెల్లవారుజామున పలుకకపోతే ఏమి గతి? ఇంజను చప్పుడును ఇక్కడివారు అంత శ్రద్ధగా వినడానికి కారణం ఈ భయమే.

డీజిల్ ఇంజనుకు, పెట్రోలు ఇంజనుకు వలె నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో నడిపి చూపిన యంత్రపు రహస్యమంతా గాలిని నొక్కడంలో ఉన్నది. సైకిలు పంపు గబగబా కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం అందరికీ అనుభవమే. అదే పని సిలిండరులో జరుగుతుంది. 27 డిగ్రీల గాలిని పదునెనిమిదో వంతుకు కుదిస్తే, వేడి ఎటూ పోలేదనుకొని కట్టిన లెక్క ప్రకారం, అది సుమారు 680 డిగ్రీల దాకా కాగుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకొంటుంది. సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న గాలితో మొదలుపెడితే అదే లెక్క 530 దగ్గర ఆగిపోతుంది. ఆచరణలో అంత వేడి కూడా మిగలదు. మంచుగడ్డవంటి సిలిండరు గోడలు దానిని పీల్చివేస్తాయి. ఇంజను మెల్లగా తిరిగితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది. పైగా లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. చలి, ఎత్తు చేయి కలిపి ఇంజను ఊపిరి బిగబడతాయన్నమాట.

అనుభవజ్ఞుడైన డ్రైవరు ఆ వేళ బానెట్టు ఎత్తడానికి తొందరపడడు. మొదట తాళం తిప్పి వింటాడు. టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరకుంటే దోషం బ్యాటరీలోనో, దాని తీగల బిగింపులోనో, సెల్ఫులోనో ఉన్నదని అర్థం. నిద్రమత్తులో ఉన్నట్టు బరువుగా, ఆగి ఆగి తిరిగితే బ్యాటరీ నీరసించింది, లేదా ఇంజను ఆయిలు చిక్కబడింది, తరచుగా రెండూ. సున్నాకు 18 డిగ్రీల దిగువన బ్యాటరీ శక్తి ఇంచుమించు సగానికి తగ్గుతుంది, చిక్కని ఆయిలులో ఇంజనును తిప్పడానికి మాత్రం మామూలుకన్న ఎక్కువ శక్తి కావాలి. రాబడి తగ్గిన ఏడే ఖర్చు పెరిగిన సంసారం అది. ఆయిలు డబ్బామీద 15డబ్ల్యు, 5డబ్ల్యు అని ఉండే అంకెలలోని డబ్ల్యు అక్షరం శీతకాలాన్ని సూచిస్తుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ ఆయిలు అంత పలుచగా పారుతుంది.

ఇక ఇంజను హుషారుగా తిరుగుతున్నది గాని అంటుకోవడం లేదనుకొందాం. అప్పుడు చూడవలసింది వెనుక పొగగొట్టాన్ని. తెల్లని పొగ ఘాటుగా వస్తూ ఉంటే డీజిల్ సిలిండరులోకి చేరుతున్నది, మండడం లేదు. అనుమానం ముందుగా గ్లో ప్లగ్గులమీదికి పోవాలి. సెల్ఫు కొట్టేముందు కొన్ని సెకన్లపాటు ఎర్రగా కాగి సిలిండరులోపల వెచ్చదనం కల్పించే చిన్న కడ్డీలవి. నాలుగింటిలో ఒకటి రెండు చచ్చినా వేసవిలో ఎవరికీ తెలియదు. మొదటి చలిరాత్రి మరునాడు గుట్టు బయటపడుతుంది. ప్లగ్గులన్నీ బాగుంటే, ఇంజను అరిగి నొక్కుడు తగ్గిందని భయపడవలసి ఉంటుంది. పొగ బొత్తిగా లేకపోతే మాత్రం కథ వేరు: డీజిలే రావడం లేదు. గొట్టాలలో గాలి చొరబడి ఉండవచ్చు, ఫిల్టరు అడుగున చేరిన నీరు గడ్డకట్టి ఉండవచ్చు. లడఖ్‌లో వీటన్నిటికన్న ముందు తలపుకు రావలసిన కారణం మైనం.

చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకోవడం చూడని ఇల్లాలు ఉండదు. డీజిల్‌లోనూ సహజంగా పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. చల్లబడేకొద్దీ అది మొదట మబ్బులా కమ్ముతుంది, తరువాత పలుకులుగా విడిపోతుంది, చివరకు ఇంధనమంతా జావలా బిగుస్తుంది. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూ ఉండగానే ఫిల్టరు కాగితపు సూక్ష్మరంధ్రాలను ఆ పలుకులు పూడ్చివేస్తాయి. అందుకే కొన్ని బండ్లు ఉదయం చక్కగా అంటుకొని, పంపులో మిగిలిన డీజిల్ తాగి, నాలుగు ఫర్లాంగులు పోయి దారి మధ్యలో ఆరిపోతాయి. బొత్తిగా అంటుకోని బండికన్న ఇది ప్రమాదకరం. ఇల్లు వెనుకబడింది, ఊరు ముందున్నది, చుట్టూ మంచు. మన దేశపు ప్రమాణం ప్రకారం శీతకాలపు మామూలు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టరును పూడ్చకుండా ఉంటే చాలు. మైదానాలకు అది చాలును, ద్రాస్‌కు ఏమూలకు?

పూర్వం దీనికి విరుగుడు నిప్పే. ట్యాంకు కిందా, ఆయిలు తొట్టి కిందా స్టవ్వు వెలిగించేవారు. బ్లోల్యాంపు మంటతో గొట్టాలను కాచేవారు. రబ్బరు గొట్టాలు, తీగలు, కారిన నూనె ఉన్నచోట ఇది ప్రాణాంతకమైన సాహసం, దీనిని నేర్పరితనమని మెచ్చుకోవడం నాకు చేతకాదు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను ఫిల్టరుకు చుట్టడం నిదానమైన పని, కాని క్షేమకరం. రెండవ విరుగుడు కిరసనాయిలు కలపడం. అది మైనాన్ని పలుచన చేస్తుంది, నిజమే. పంపుకు, నాజిళ్లకు అవసరమైన జిడ్డును కూడా తగ్గిస్తుంది. పాత లారీలు ఓర్చుకొన్న ఈ వైద్యం అత్యధిక పీడనంతో పనిచేసే నేటి ఇంజన్లకు విషం. అదీగాక డీజిల్ పేరుకొనకముందే కలపాలి. పేరుకొన్న తరువాత పోస్తే మైనం మీద తేలుతుంది, అంతకన్న ప్రయోజనం లేదు.

2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లడఖ్ వంటి ప్రాంతాలకోసం ప్రత్యేకమైన శీతకాలపు డీజిల్‌ను ప్రవేశపెట్టింది. పానిపట్ శుద్ధికర్మాగారంలో తయారైన ఈ ఇంధనం సున్నాకు 33 డిగ్రీల దిగువ దాకా పారే గుణం పోగొట్టుకోదు. పక్క రాష్ట్రంలో నింపుకొన్న మామూలు డీజిల్ ట్యాంకులో ఉండగానే కొండ ఎక్కి వచ్చిన బండికి మాత్రం ఇది అక్కరకు రాదు. పాత డీజిల్ అయిపోయేదాకా పాత కష్టమే.

అందుచేత తెల్లవారి పని ముందటి సాయంత్రమే మొదలవుతుంది. ఫిల్టరులోని నీటిని వదలివేస్తారు. ట్యాంకు నిండుగా ఉంచుతారు, ఖాళీ స్థలంలో తేమ చేరి నీరు కాకుండా. బ్యాటరీని విప్పి ఇంట్లో బుఖారీ పొయ్యికి కొంచెం దూరంగా పెట్టేవారున్నారు. పూర్తిగా నీరసించిన బ్యాటరీలోని ద్రావకం సున్నాకు పది డిగ్రీల దిగువనే గడ్డకట్టి డొల్లను పగలగొట్టగలదు, నిండు బ్యాటరీ అంతకెన్నో రెట్ల చలికి తాళుతుంది. మూసిన షెడ్డులో ఇంజనును రాత్రంతా నడిపి ఉంచడం మాత్రం తగదు. వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజనుమీద దళసరి కంబళి కప్పుతారు, తెల్లవారి సెల్ఫు కొట్టేముందు తీసివేయడం మరువకుండా. ఒక్కొక్కసారి పది సెకన్లకు మించి సెల్ఫు కొట్టరు, నడుమ ఒక నిమిషం ఆగుతారు. వీలైన చోట బండిముఖం తూర్పుకు తిప్పి నిలుపుతారు. ఈ ఎత్తున గాలి పలుచన కావడంతో ఎండ చురుక్కుమంటుంది. తొందరలేని డ్రైవరు ఆ ఎండ బానెట్టుమీద ఒక గంటసేపు పడేదాకా గోడవారగా కూర్చుని ఉప్పు వేసిన వెన్న టీ తాగుతూ ఉంటాడు.