బాయి కాడ ఒక జెండా, ఊళ్ల ఒక జెండా

అమెరికా ఎన్నికలంటే అందరూ రెండు పార్టీల ముచ్చటే పెడ్తరు. నాకు యూజీన్ డెబ్స్ యాదికొస్తడు. రైలింజన్‌ల బొగ్గేసిన మనిషి. సోషలిస్టుగా ఐదుసార్లు అధ్యక్ష పదవికి నిలబడ్డడు. 1920ల జైల్ల ఉండే 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నడు. గెల్వలే. కానీ ఆయన పార్టీ 1912లనే అడిగిన ముసలోళ్ల పింఛన్‌ను 1935ల రూజ్‌వెల్ట్ చట్టం చేసిండు.

మా బొగ్గుబాయిల ఊరు బెల్లంపల్లి కథ ఇంకో తీరు. 2009ల టీడీపీ, టీఆర్‌ఎస్ పొత్తుతోని సీపీఐ గుర్తు కంకి కొడవలి మీద గుండా మల్లేష్ అసెంబ్లీకి గెలిచిండు. 2018ల ఆయనే నిలబడితే రెండో స్థానం బీఎస్పీ ఏనుగు గుర్తుకు పోయింది. 2023 నవంబర్‌ల ఈవీఎం మీద కంకి కొడవలే లేదు, పొత్తుల సీపీఐకి దక్కింది కొత్తగూడెం ఒక్కటే. నెల తిరగకముందే సింగరేణి బొగ్గు సంస్థ గుర్తింపు సంఘం ఎన్నికలల్ల మాత్రం సీపీఐ కార్మిక సంఘం ఏఐటీయూసీ గెలిచింది!

"ఇదేం లెక్క కాకా?" అని ఒక రిటైర్డ్ కార్మికుణ్ని అడిగిన.

"బాయి కాడ కొట్లాడేటోడు గావాలె, అసెంబ్లీకి గెలిచేటోడు గావాలె బిడ్డా" అన్నడు.

నాకు ఈ లెక్క సగమే నచ్చింది. బొగ్గు బ్లాకులు వేలం పెట్టిన్నాడు అసెంబ్లీల లేచి అడిగేదెవరు మరి?