గోముఖంలో మంచు ఎంత తరిగింది?

పిల్లలూ! కాశీయాత్ర చేసివచ్చినవాళ్ళ ఇళ్ళల్లో, దేవుడి గూట్లో, మూతి బిగించిన చిన్న రాగిచెంబు ఒకటి ఉంటుంది. చూశారా? అదే గంగచెంబు. అందులోని నీరు కాశీలో పట్టినదే అయినా, దానిలో కొంత ఎంతో దూరాన హిమాలయాలలో ఒక మంచుగుహ నుంచి బయలుదేరి వచ్చినది. ఆ చోటి పేరు గోముఖం. ఇవాళ మనం అక్కడికి వెళ్ళివద్దాం. అక్కడ మనం చూసుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది.

గంగోత్రి గుడి దగ్గర మోటారు దారి ఆగిపోతుంది. అప్పటికే మనం సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటాం. అక్కడినుంచి గోముఖానికి సుమారు 18 కిలోమీటర్లు కాలినడక. పక్కనే భాగీరథి హోరుమంటూ ఉంటుంది. మొదటి మజిలీ చీర్‌బాసా, అంటే పైను చెట్లున్న చోటు. తరువాతది భోజ్‌బాసా, భూర్జవృక్షాలున్న చోటు. తాటాకు దొరకని ఆ దేశాలలో పూర్వం ఈ చెట్టు బెరడుమీదనే గ్రంథాలు రాసుకునేవారు. పోనుపోను చెట్లు పలచబడతాయి, గాలి కూడా పలచబడుతుంది. నాలుగడుగులకొకసారి నిలబడి ఊపిరి పీల్చుకోవాలి. తొందరపడినవాడే ముందు కూలబడతాడు.

గోముఖం దగ్గర నీరు అద్దంలా ఉంటుందనుకునేరు! బూడిదరంగులో ఉంటుంది. పైనున్న మంచు తన బరువుతో రాళ్ళను తిరగలిలాగా నూరేస్తుంది. ఆ రాతిపిండే నీళ్ళలో కలిసివస్తుంది. ఆవు మూతి కోసం వెతకకండి. మంచు గోడ ఎప్పటికప్పుడు విరిగిపడుతూ రూపు మార్చుకుంటూ ఉంటుంది. దాని కిందికి మాత్రం పోకూడదు.

ఆ గోడ వెనుక ఉన్నదే గంగోత్రి హిమానీనదం. పొడవు సుమారు 30 కిలోమీటర్లు. ఇది చలికి గడ్డకట్టిన నది కాదు. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నలిగి, రాయిలా గట్టిపడి, లోయవెంట చాలా నెమ్మదిగా కిందికి జారుతున్నది. దాని కింది భాగాన్ని చూస్తే మంచు అని తోచదు. రాళ్ళూ మట్టీ కప్పుకుని, తవ్విపోసిన చెరువుగట్టులా ఉంటుంది.

గోముఖానికి పోయే దారిలో కొన్ని రాళ్ళమీద సంవత్సరాలు రాసి ఉంటాయి. ఆ ఏడు మంచు అంచు అంతవరకూ ఉండేదన్నమాట. 1935లోనే ఆడెన్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి ఆ అంచు ఎక్కడున్నదో పటం గీశాడు. ఆ పటంతో పోల్చి, అంచు ఎంత వెనక్కి పోయిందో, హిమానీనదం అంత తరిగిందని చెప్పేవాళ్ళు చాలామంది. నేను కూడా బడిలో చాలాకాలం అలాగే చెప్పాను. అది సగం మాటే.

ఎందుకంటారా? 1965 నుంచి 2006 వరకు ఈ అంచు ఏటా సుమారు 20 మీటర్ల చొప్పున వెనక్కి పోయింది. 2006 నుంచి 2015 వరకు ఏటా సుమారు 9 మీటర్లే. పొడవు ఒక్కటే కొలిచేవాడు, “హమ్మయ్య, మంచు కుదుటపడింది” అనుకుంటాడు. కాని అదే కాలంలో మంచు పైనుంచి కిందికి మునుపటికన్న త్వరగా పలచబడింది! దళసరిగా రాళ్ళు కప్పుకున్న అంచు త్వరగా కరగదు. కనుక అంచును చూసినవాడు మోసపోతాడు.

మరి మందం కొలిచేదెట్లా? ముప్పయి కిలోమీటర్ల మంచును ఎవరు తవ్వి చూడగలరు?

మీ ఇంటి బావిని తలుచుకోండి. సంక్రాంతికి నాలుగు బారల తాడు వేస్తే బాల్చీ నీటికి తగులుతుంది. ఎండలు ముదిరాక ఆరు బారలు కావాలి. బావి లోతు మీకు తెలియకపోయినా, నీరు రెండు బారలు దిగిందని తాడే చెప్పింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం గిలక. అది వదిలే వెలుగు తాడు. అది కొలిచేది మంచు మొత్తం మందాన్ని కాదు, మంచు పైభాగం ఎత్తును. అడుగునున్న రాయి ఎక్కడికీ పోదు కనుక, పై ఎత్తు తగ్గితే దాదాపు అంత మందమూ తగ్గినట్టే.

2018లో అమెరికావారు ప్రయోగించిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం సుమారు 500 కిలోమీటర్ల ఎత్తునుంచి సెకండుకు 10,000 సార్లు ఆకుపచ్చని లేసర్ వెలుగును కిందికి మిణుకుమిణుకుమనిపిస్తుంది. వెలుగు వేగం సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు. పోయిరావడం 1,000 కిలోమీటర్లు. అంటే సెకండులో 300వ వంతు! ఆ కాలాన్ని కొలవడంలో సెకండులో 100 కోట్లవ వంతు పొరపాటు జరిగితే చాలు, ఎత్తులో జానెడు తేడా వస్తుంది.

రెండవ ఉపాయం మన కళ్ళది. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక కన్నూ, తరువాత రెండవ కన్నూ మూయండి. వేలు పక్కకు గెంతుతుంది. దగ్గరగా ఉంటే ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. ఒకే కొండను రెండు వైపులనుంచి ఫోటో తీసి, ఈ గెంతును కొలిస్తే కొండ ఎత్తు తేలుతుంది. 2005 మే 5న మన శ్రీహరికోటనుంచి ఎగిరిన కార్టోశాట్-1కు ఇలాగే రెండు కళ్ళు ఉండేవి. ఒక కెమెరా ముందుకు చూసేది, రెండవది వెనక్కి. దాని చిత్రాలతోనే గంగోత్రి హిమానీనదం ఎత్తులు లెక్కకట్టారు.

ఇవాళ్టి ఎత్తు తెలిస్తే చాలదు, పాత ఎత్తు కావాలి. అది దొరికిన తీరు చిత్రమైనది. 1970లలో అమెరికావారి గూఢచారి ఉపగ్రహాలు హెక్సాగన్ అనే పేరుతో భూమిని ఫోటోలు తీసేవి. ఆ ఫిల్ము చుట్టలను పెట్టెల్లో పెట్టి పారాషూట్లతో జారవిడిస్తే, పసిఫిక్ సముద్రంమీద విమానాలు కొక్కేలతో గాలిలోనే పట్టుకునేవి! వాళ్ళు వెతికింది శత్రువుల స్థావరాలను. వాటితోపాటు హిమాలయాలూ ఫోటోల్లో పడ్డాయి. పటాల కోసం తీసిన ఆ ఫోటోలమీది రహస్యముద్ర 2002లో తీసేశారు. వాటిని కొత్త కొలతలతో పోల్చి, స్పితినుంచి భూటాన్ దాకా 650 హిమానీనదాల లెక్కను 2019లో ప్రకటించారు. 1975 నుంచి 2000 వరకు ఏటా సగటున 22 సెంటీమీటర్ల నీటికి సరిపడే మంచు పోయింది. 2000 నుంచి 2016 వరకు 43 సెంటీమీటర్లు. దాదాపు రెట్టింపు!

ఈ లెక్కల్లో తిరకాసులు లేకపోలేదు. శీతకాలంలో కొత్తగా పడిన మెత్తటి మంచు ఎత్తును పెంచి చూపుతుంది. అందుచేత రెండు సంవత్సరాలనూ ఒకే రుతువులో పోల్చడం మంచిది. రాడార్ కిరణాలు మంచు లోపలికి కొంత దిగి, ఎత్తును తక్కువ చూపుతాయి. అందుకే శాస్త్రజ్ఞులు ప్రతి అంకె పక్కనా “ఇంత అటూ ఇటూ” అని రాస్తారు. అలా రాయని లెక్కను నేనయితే నమ్మను.

గంగ రేపే ఎండిపోతుందని భయపడకండి. మైదానంలోని గంగకు ఎక్కువ నీరు వానలదే. కాని వేసవిలో, వానలు రాకముందు, పై లోయలలోని పల్లెలకు మంచు కరిగిన నీరే ఆధారం. మంచు ఎక్కువగా కరిగే రోజుల్లో ఏరు నిండుగానే పారుతుంది. మంచు చిక్కిన తరువాతే నీరు తగ్గుతుంది. కనుక ఏటిని చూసికూడా మోసపోవచ్చు.

మీరు ఎప్పుడైనా గోముఖం వెళితే, రాతిమీది సంవత్సరం చదివి ఊరుకోకండి. తల ఎత్తి లోయకు రెండు పక్కలా చూడండి. మంచుకు చాలా పైన, గోడలాగా సాగిన కంకరగట్లు కనబడతాయి. వాటిని అక్కడ పోసినది ఈ మంచే. ఒకప్పుడు అది అంత ఎత్తున ఉండేది.