మా యూరి మద్దెలబడి

నలువది దాటినవాడు మద్దెల నేర్వబూనుట లోకమునకు నవ్వు పుట్టించు పనియే. అయినను మే మా పనికి బూనుకొంటిమి. మా రొళ్లకు ప్రతి యాదివారమును మడకశిరనుండి బస్సులో మృదంగోపాధ్యాయు డొకరు వచ్చుచుందురు. ఆయన బడికి పేరుపలక లేదు. ఒక గృహస్థుని వసారాయే బడి. తొమ్మిదేండ్ల పిల్లలు, కాలేజీ విద్యార్థులు, పింఛను పుచ్చుకొను వృద్ధు డొకడు, వారి నడుమ మేము. మొదట మా యమ్మాయిని దిగవిడుచుటకై పోయి, కొన్నాళ్లు వాకిట గూర్చుండి, తుదకు చాపమీదికే చేరితిమి. తండ్రికిని కూతునకును వంతున నొక్కటే మృదంగము.

ఆడుపిల్లకు మద్దెల యేల, వీణ చాలదా యని యింటి పెద్దలు సణిగిరి. శ్రీమతి నిడుమోలు సుమతిగారు మృదంగ విద్వాంసురాలై 2021లో పద్మశ్రీ నందిరనియు, బెంగుళూరున సుకన్యా రామ్‌గోపాల్‌గారు ఘటము వాయించుచు 1995లో స్త్రీలతోడనే 'స్త్రీ తాళ తరంగ్' అను మేళమును గూర్చిరనియు మేము వాదించితిమి. పెద్దలు మిన్నకుండిరి. సంస్కర్తల మైతిమి గదా యని లోలోన గర్వించితిమి.

వయస్సులు వేఱు, విద్య వేఱు. ఒక్క గురువు అందఱకు నేకకాలమున నెట్లు చెప్పునని చదువరులకు సందేహము గలుగవచ్చును. ఆదితాళమున కెనిమిది యక్షరములు: లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు నాలుగు. క్రొత్తవారు 'త, ది, తొం, నం' అను దెబ్బలను అక్షరమున కొకటి చొప్పున ప్రథమకాలమున వాయింతురు. ఆవర్తనమున నది రెండుమార్లు వచ్చును. కొంత నేర్చినవారు ద్వితీయకాలమున నాలుగుమార్లు, నేర్పరులు తృతీయకాలమున నెనిమిదిమార్లు. కాని సమముకడ నందఱు నొక్కమాఱే చేరవలయును. తొందరపడినవాడును, వెనుకబడినవాడును అచ్చట దొరకిపోవుదురు. మేము తఱచుగ దొరకుచుండెడివారము.

ఒకనాడు పదమూడేండ్ల బాలు డొకడు క్రొత్తగా వచ్చెను. వాని తాత జాతరలలో తప్పెట వాయించువాడు. ఈ సరిహద్దుసీమలో దానినే కన్నడమువారు తమటె యందురు. బాలునకు మృదంగము లేదు. గురువుగారు మావైపు చూచి, "అయ్యవారూ, మీది కాసేపు ఆ పిల్లవానికియ్యండి" అనిరి.

మేము వెంటనే యియ్యలేదు. వార్లు సడలినవనియు, ఎడమవైపునకు రవ్వముద్ద సరిగా బట్టలేదనియు నేదో గొణిగితిమి. అవి రెండును నిజములే. కాని మా చేతుల నాపినవి యవి కావు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినదని యేటేట బిల్లలకు బాఠము చెప్పు పంతులకు ఆ క్షణమున చెయ్యి రాలేదు. మా సంకోచమును ఎవరును గమనింపలేదనుకొంటిమి. మా యమ్మాయి గమనించినది. లేచి వచ్చి, మా యొడిలోని మృదంగము నెత్తి, వాని ముందు బెట్టినది.

తప్పెటను సిర్రతోను సిటికెనపుల్లతోను వాయింతురు. వ్రేళ్ల విద్య వేఱు. కావున 'నం' వానికి బలుకలేదు. కాని సమ మొక్కసారియు దప్పలేదు.

మృదంగపు కట్టె పనసది, పలుకునది తోలు. ఆవు, మేక, గేదెల తోళ్లతో దానిని మూసి శ్రుతికి దెచ్చు పనివారి చరిత్రమును టి. ఎం. కృష్ణగారు 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అను గ్రంథముగా వెలువరించిరి. ఆ పనివారిలో ననేకులు దళితులు. ఆ గ్రంథమును జదివితిమి, మెచ్చితిమి, మిత్రులకు జదువనిచ్చితిమి. పుస్తకము నిచ్చిన చెయ్యి మద్దెల నియ్యలేకపోయెను. మాకు దగ్గఱనే లేపాక్షి నాట్యమంటపమున బ్రహ్మదేవుడు మద్దెల వాయించుచున్నాడు. పదునాఱవ శతాబ్దపు శిల్పి బ్రహ్మచేత దోలు ముట్టించుటకు శంకింపలేదు, మేము శంకించితిమి.

ఇంటిత్రోవలో అమ్మాయి "ఎందుకియ్యలేదు నాన్నా?" అని యడిగినది. వార్ల మాట మరల చెప్పబోయి నోరు మూసికొంటిమి. "తప్పు చేసినానమ్మా" అంటిమి. పరులయెదుట ఎన్ని యుపన్యాసములైన నియ్యవచ్చును. కన్నకూతునియెదుట నీ మూడు మాటలు పలుకుట కష్టము.

మఱుసటి యాదివారము అందఱు వినుచుండగా ఆ మాటనే బాలునితో జెప్పి, మృదంగమును వారమంతయు వసారాలోనే యుంచుదుమనియు, వాడెప్పుడైన వచ్చి సాధన చేసికొనవచ్చుననియు బలికితిమి. వాడు సిగ్గుపడి తలవంచుకొనెను. రెండిండ్లవారు తమ పిల్లలను మాన్పించిరి. గురువుగారి రాబడి తగ్గినది. ఆయన రాక తగ్గలేదు. పింఛను వృద్ధుడు మాత్రము చాపమీద గొంచెము జరిగి బాలునకు చోటిచ్చెను.

దురాచారములు పొరుగువారి యిండ్లలోనే యుండునని తలచు విద్యావంతులకు ఈ చిన్నకథ నివేదించుచున్నాము. ఆ బాలుడిపుడు ద్వితీయకాలమునకు బోయినాడు. మేమింకను ప్రథమకాలముననే యున్నాము.