అలైన్‌మెంట్ చేయించినా కారు పక్కకి లాగుతుంటే, పార్టులు మార్చే ముందు ఇవి చూడండి



ఈసారి మిర్చి గురించి కాదు, నల్లతామర గురించి కాదు. కారు గురించి రాస్తున్నా. నవ్వకండి. మన ఊళ్ళల్లో ఇప్పుడు వీధికి రెండు మూడు సెకండ్ హ్యాండ్ కార్లు ఉన్నాయి. ఆసుపత్రికి అదే, పెళ్ళికి అదే, పురుగుమందు డబ్బాలు తేవడానికీ అదే. ఆ కారు ఒక పక్కకి లాగడం మొదలుపెడితే ప్రాణానికీ ప్రమాదం, జేబుకీ ప్రమాదం. పైగా మనకి తెలియదు కదా అని వేల రూపాయల సామాను మార్పించేవాళ్ళు ఉంటారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా పెద్దమ్మకి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా అన్నయ్య తీసుకెళ్ళి, రాత్రికి తీసుకొస్తాడు. ఆరు నెలల కిందట ముందు టైర్లు రెండూ అరిగిపోతే కొత్తవి వేయించి, అక్కడే అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాడు. మిషన్ కాగితం ఇచ్చారు, అన్నీ పచ్చ రంగులోనే ఉన్నాయి. కానీ షాపు నుంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచీ కారు కుడిపక్కకి లాగుతోంది. కుడిపక్క అంటే ఎదురొచ్చే లారీల వైపు. "ఒరేయ్, చెయ్యి కాస్త వదులైతే చాలు, పోయి లారీకి పెట్టేట్టుంది. ఇల్లు చేరేసరికి ఎడమ భుజం పడిపోతోంది" అన్నాడు. వెనక సీట్లో నీరసంగా పడుకున్న మనిషి ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ షాపుకి వెళ్తే ఇంకోసారి మిషన్ ఎక్కించి, "అన్నా, అలైన్‌మెంట్ కరెక్టుగానే ఉంది. స్టీరింగ్ రాక్ పోయింది, లోయర్ ఆర్ములు కూడా మార్చాలి" అన్నారు. మొత్తం 31 వేలు. మన లెక్కలో అది రెండు మూడు క్వింటాళ్ళ మిర్చి. అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "రెండు రోజులు ఆగు అన్నయ్యా, డబ్బులు కట్టకు. ముందు మనం చూద్దాం" అన్నా.

ఏం చూశామో చెప్పే ముందు ఒక్క మాట. అలైన్‌మెంట్ మిషన్ కొలిచేది చక్రాల కోణాలు మాత్రమే. మన భూసార పరీక్ష లాంటిదే అది. రిపోర్టులో నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ బాగున్నాయంటే చేనుకి పురుగు పట్టలేదని కాదు కదా. పురుగుని ఆ పరీక్ష చూడదు. కాగితం పచ్చగా ఉన్నా కారు లాగొచ్చు. అప్పుడు తప్పు కోణాల్లో కాదు, వేరే చోట ఉందని అర్థం. అంతేగానీ వెంటనే రాక్ పోయిందని అర్థం కాదు.

ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పాల్సిన పని లేదు. దాపట ఎద్దు వెనకబడితే బండి దాపటికే తిరుగుతుంది. కారూ అంతే. ఏ పక్క చక్రం బరువుగా, బిగుతుగా తిరుగుతుందో కారు ఆ పక్కకే పోతుంది. బండి పక్కకి పోతుంటే మన తాతలు ముందు కాడి చూశారు, ఎద్దు కాలు చూశారు, ఇరుసుకి కందెన ఉందో లేదో చూశారు. ఎవరూ ముందే ఇరుసు మార్చలేదు.

మొదట, అసలు లాగుడేనా కాదా తేల్చుకోండి

కారు నేరుగానే పోతోంది కానీ స్టీరింగ్ వంకరగా నిలబడితే అది లాగుడు కాదు. అలైన్‌మెంట్ చేసినవాడు స్టీరింగ్‌ని నడిమికి సరిగ్గా పెట్టలేదు. మళ్ళీ వెళ్ళి చేయించుకోండి, డబ్బులు ఇవ్వక్కర్లేదు.

రోడ్డు వాలు కూడా చూసుకోవాలి. వాన నీళ్ళు పోవడానికి తారు రోడ్డుని నడిమి నుంచి అంచులకి మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ కారైనా నెమ్మదిగా ఎడమకి జారుతుంది. అది జబ్బు కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు నడిమి మీద, నలభై యాభై స్పీడులో, చేతులు స్టీరింగ్‌కి దగ్గరగా పెట్టుకుని ఒక్క క్షణం వదిలి చూడండి. గాలి పక్క నుంచి కొడుతుంటే మోసపోతాం కాబట్టి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూడాలి. మా అన్నయ్య కారు వాలుకి ఎదురెక్కి మరీ కుడికి పోతోంది. కాబట్టి అది రోడ్డు పని కాదని అక్కడే తేలింది.

ఎప్పుడు లాగుతుందో కూడా గమనించండి. బ్రేకు తొక్కినప్పుడే లాగితే బ్రేకు సంగతి. యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి పోతుంటే బుష్‌లు అరిగి ఉండొచ్చు. కుడికి మలుపు తిరిగాక కుడికే, ఎడమకి తిరిగాక ఎడమకే పోతుంటే షాక్ అబ్జార్బర్ పైన ఉండే బేరింగో, బాల్ జాయింటో బిగుసుకుపోయిందని అనుమానించాలి. ఎప్పుడూ ఒకే పక్కకి, ఒకే తీరుగా లాగుతుంటే కింద చెప్పే వరుసలో చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు మందులు కలిపి కొడితే ఏ మందుకి పురుగు చచ్చిందో మనకి తెలుస్తుందా? ఇదీ అంతే.

గాలి

పొద్దున్నే, కారు కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు రెండు టైర్లలో ఒకదానికి నాలుగైదు పాయింట్లు తక్కువున్నా కారు ఆ పక్కకి లాగుతుంది. రోడ్డు పక్క కంప్రెసర్ మీటర్ని నమ్మొద్దు, చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి. మా కారులో రెండు పక్కలా సమానంగానే ఉంది.

ముందు చక్రాలు అటుది ఇటు, ఇటుది అటు

అసలు పరీక్ష ఇదే, దీనికి ఖర్చు లేదు. ముందు ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి, రిమ్ముతో సహా మార్చి అదే రోడ్డు మీద నడపండి. లాగుడు రెండో పక్కకి మారితే జబ్బు టైరులో ఉంది. మారకుండా అదే పక్కకి లాగితే జబ్బు కారులో ఉంది. లాగుడు పోతే మరీ మంచిది. (టైరు పక్కన తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు ఉంటే పరీక్ష కోసం కాసేపు మార్చండి, తర్వాత యథాస్థానంలో పెట్టేయాలి.)

జాకీ ఎత్తేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందకి దూరొద్దు. నట్లు ఎదురెదురువి బిగిస్తూ రండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగింపు చూసుకోండి.

మా ఊరి పంక్చర్ షాపు తమ్ముడు పావుగంటలో మార్చేశాడు. రోడ్డు ఎక్కితే, కుడికి లాగే కారు ఎడమకి లాగడం మొదలుపెట్టింది! రాక్ పోయి ఉంటే చక్రాలు మార్చినంత మాత్రాన లాగుడు పక్క మారుతుందా? మారదు. అక్కడితో 31 వేల సంగతి తేలిపోయింది.

కొత్త టైరు ఎందుకు లాగుతుంది అంటారేమో. ఇంట్లో స్టీలు గ్లాసు నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోదు, సన్నగా ఉన్న అడుగు వైపుకి గుండ్రంగా తిరుగుతుంది. టైరు తయారీలో లోపలి స్టీలు బెల్టు ఒక పిసరు పక్కకి పడితే ఆ టైరు కూడా గ్లాసు లాగా ఒక పక్కకే దొర్లాలని చూస్తుంది. కంటికి కనపడదు. బ్యాలెన్సింగ్‌లో తెలియదు, ఎందుకంటే అక్కడ చూసేది బరువు. అలైన్‌మెంట్‌లో తెలియదు, ఎందుకంటే అక్కడ చూసేది కోణం. చాలామంది కొత్త టైర్లు, అలైన్‌మెంట్ ఒకే రోజు చేయిస్తారు కాబట్టి నింద అలైన్‌మెంట్ మీదకి పోతుంది.

రెండింట్లో ఏ టైరో తెలియడానికి ఒక్కోదాన్ని వెనక్కి పంపి చూశాం. మొదట కుడిపక్కన ఉన్న టైరుని వెనక్కి వేసి, వెనక టైరు ముందుకి తెస్తే కారు గీత గీసినట్టు పోయింది. వెనక చక్రాలు స్టీరింగ్‌తో తిరగవు కాబట్టి అక్కడ ఆ టైరు ఆటలు పెద్దగా సాగవు. మొత్తం ఖర్చు పంక్చర్ షాపులో 300. మీరైతే టైరు బిల్లు దాచుకోండి. కొత్త టైరులో తయారీ లోపం ఉంటే వారంటీలో మార్చమని అడగొచ్చు, ఈ పరీక్ష ఎలా చేశారో చెప్పి అడగండి.

చక్రాలు మార్చినా అదే పక్కకి లాగితే

అప్పుడు బ్రేకు చూడండి. మా పక్క చేను బాబాయ్ కారు ఇలాగే ఎడమకి లాగేది. పత్తి తీతల టైములో నెలన్నర షెడ్డులోంచి బయటికి తీయలేదు. నేను చెప్పిన పరీక్ష ఇది: పది పదిహేను కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి, ఆపి, రెండు ముందు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కుని ముట్టుకోవద్దు, కాలుతుంది. రెండు పక్కలా వేడి ఒకేలా ఉండాలి. బాబాయ్ కారులో ఎడమ పక్క పెనంలా ఉంది, కుడి పక్క గోరువెచ్చగా ఉంది. జాకీ ఎత్తి న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే ఎడమ చక్రం కదలనంటోంది. క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి, బ్రేకు పట్టుకుని వదలట్లేదు. వెనకబడ్డ దాపట ఎద్దు అదే. పిన్నులు తీసి శుభ్రం చేసి, గ్రీజు పెట్టగానే సరిపోయింది. మైలేజీ కూడా పెరిగింది. గ్రీజు అంటే ట్రాక్టర్‌కి కొట్టే గ్రీజు కాదు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. బ్రేకుల కోసం వేరే గ్రీజు ఉంటుంది, అదే పెట్టించండి.

బ్రేకూ బాగుంటే, అప్పుడు అలైన్‌మెంట్ కాగితం తీయండి. అందులో మూడు సంగతులు ఉంటాయి. టో అంటే పై నుంచి చూస్తే చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అని. ఇది తప్పితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకరవుతుంది, కానీ ఒకే పక్కకి లాగడం తక్కువ. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా ఉందా, వంగి ఉందా అని. క్యాస్టర్ అంటే పక్క నుంచి చూస్తే, సైకిల్ ఫోర్కు వాలు లాంటిది. లాగుడికి ఎక్కువగా కారణం ఈ రెండూ. పచ్చ రంగు ఒక్కటే చూడకుండా ఎడమ అంకెకీ కుడి అంకెకీ ఎంత తేడా ఉందో చూడండి. రెండూ విడివిడిగా పచ్చలోనే ఉండి, మధ్యలో అర డిగ్రీ దాటి తేడా ఉన్నా కారు లాగొచ్చు. క్యాంబర్ అంకె ఎక్కువ ఉన్న పక్కకి, క్యాస్టర్ అంకె తక్కువ ఉన్న పక్కకి లాగుతుంది.

చాలా చిన్న కార్లలో మామూలుగా సర్దడానికి వీలున్నది ముందు టో ఒక్కటే. క్యాంబర్‌లో పెద్ద తేడా ఉందంటే ఏదో వంగిందనో, బుష్ అరిగిందనో అర్థం. కారు కల్వర్టు గుంటలో గట్టిగా పడిందా, పాత యజమాని దగ్గర యాక్సిడెంట్ అయిందా అని అప్పుడు వెతకండి. పార్టు మార్చాల్సి వస్తే అప్పుడు మార్చండి, మార్చాక అలైన్‌మెంట్ మళ్ళీ చేయించండి.

ఎవరైనా రాక్ మార్చాలంటే గొడవ పడక్కర్లేదు. మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి: "చక్రాలు అటూ ఇటూ మార్చి చూశారా? రాక్‌లో ఆట ఎక్కడుందో చూపించండి." రాక్ పోతే స్టీరింగ్‌లో ఆట ఉంటుంది, గతుకుల్లో టకటకమంటుంది, కొన్నిట్లో ఆయిల్ కారుతుంది. పని తెలిసిన మెకానిక్ కోప్పడడు, చూపిస్తాడు. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

గాలి, రోడ్డు, చక్రాల మార్పిడి, బ్రేకు వేడి, కాగితం. ఈ వరుస ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మొదటి నాలుగూ ఒక్క పూట పని. కారు లాగుతున్నా "అలవాటైపోయిందిలే" అని నడిపేవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు, వాళ్ళకి ఈ పోస్టు పంపండి. రాత్రిపూట నిద్రమత్తులో ఎదురుగా లైట్లు పడితే అలవాటు కాపాడదు.

మీ కారు ఏ పక్కకి, ఎప్పుడు లాగుతుందో కింద రాయండి, తెలిసినంత చెప్తా. వచ్చే పోస్టులో మళ్ళీ మిర్చి నారుమళ్ళ సంగతి మాట్లాడుకుందాం.