నేను వేసిన వేషం

నాటకాల పిచ్చి నాకు పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మ అంటూ ఉండేది. నలభై ఏళ్ళ కిందట తిరుపతిలో చదువుకునే రోజుల్లో, కాలేజీ వార్షికోత్సవానికి 'మా భూమి' నాటకంలో రెండు రంగాలు వేద్దామనుకున్నాం. సంఘం నాయకుడి వేషం పట్టుబట్టి నేనే తీసుకున్నాను. గొంతు పెద్దది కదా!

మా జీతగాడి కొడుకు కూడా నాతోపాటే చదివేవాడు. పేరు రాయను. వాడికి దొర వేషం వచ్చింది. "నేను దొరనా! మా నాయన చూస్తే నవ్వి చస్తాడబ్బా" అన్నాడు.

ఈనాటి విద్యార్థుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో కలిసి రాసిన నాటకమిది. విసునూరు దేశ్‌ముఖ్ మీద తన భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, ఆ తర్వాత హత్యకు గురైన షేక్ బందగీ కథ దీనికి ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయాక రగిలిన పోరాటమంతా దీని వెనక ఉంది. కాని దానికి మొదటి మెట్టు 'వెట్టి చెయ్యం' అన్న ఒక్క మాటే. సమ్మె కాక మరేమిటది? మూడువేల గ్రామాల్లో పదిలక్షల ఎకరాలు పంచుకున్నారని లెక్క చెప్పిన పుచ్చలపల్లి సుందరయ్య గారు మా అలగానిపాడు ఆయనే. (2022లో మా నాయుడుపేట తిరుపతి జిల్లాలో చేరింది గాని, నా నోటికి ఇంకా నెల్లూరు జిల్లానే!)

డిసెంబరు సెలవుల్లో స్వర్ణముఖి ఇసకలో కూచుని రిహార్సళ్ళు చేసేవాళ్ళం. దున్నేవాడికే భూమి, దొరలేని ఊరు... నా డైలాగులకి నాకే ఒళ్ళు పులకరించేది.

సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో నాట్లకి ఆడకూలీలు రాలేదు. అయిదు రూపాయలు చాలదు, ఆరు ఇయ్యమన్నారు. నారు ముదిరిపోతా ఉంది. నాయన నన్ను పిలిచి, "కాళాస్తి దిక్కు పల్లెల్లో కూలోళ్ళుండారంట. ట్రాక్టరేసుకుని పొయ్యి తోలుకొని రా" అన్నాడు.

పోయినాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తెల్లారి ట్రాక్టరు మా కయ్యల దగ్గర ఆగేటప్పటికి గట్టు మీద మా ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో వాడి అమ్మ. నేను తల తిప్పుకున్నాను.

నాటకం రోజు రాత్రి హాలు కిటకిట. నేను గొంతు చించుకుంటున్నాను. దొర వేషంలో వాడు మీసం దువ్వుతూ, రాతలో లేని మాట ఒకటి అన్నాడు: "మీరు రాకుంటే పొండిరా! పక్కూరి నుంచి ట్రాక్టరులో తెప్పించుకుంటా!"

జనం ఈలలు, చప్పట్లు. నాకు తర్వాతి డైలాగు గుర్తు రాలేదు. తెర వెనకనించి మూడుసార్లు అందించారు.

ఆఖర్న కొళాయి దగ్గర రంగు కడుక్కుంటున్నాం. వాడు మొహం తుడుచుకుంటూ, "వాళ్ళకెంతిచ్చినారు?" అని అడిగాడు.

"ఆరు" అన్నాను.

"మా అమ్మోళ్ళడిగింది గూడా అంతే గదరా" అని తువ్వాలు నా చేతికిచ్చాడు.