నేను చేసిన ఆయుధపరీక్ష

గడచిన వేసవి సెలవులలో నాకొక విచిత్రమైన యుద్యోగము లభించినది. జీతము లేదు, దినమునకు రెండు మామిడిపండ్లు మాత్రము కలవు. ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్న మా యన్నయ్య అంతరిక్షయుద్ధమును గూర్చిన కంప్యూటరు ఆట నొకదానిని స్వయముగా వ్రాయుచుండెను. అందు రెండు నౌకలు నల్లని తెరపై నొకదానినొకటి వేటాడును. నౌకలకు క్రొత్త యాయుధము కూర్చినప్పుడెల్ల దానిని ప్రయోగించి, గుణదోషములను నోటుపుస్తకమున వ్రాసి చూపుట నా పని.

మొదటి దినముననే అన్నయ్య యిట్టి యాటల పుట్టుకను నాకు జెప్పెను. 1962వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్ మున్నగు యువకులు పి.డి.పి.-1 అను కంప్యూటరుపై "స్పేస్‌వార్" అను నాటను రచించిరి. తెర నడుమ నొక నక్షత్రముండి నౌకలను తనవైపు లాగుచుండును. ఈ యాకర్షణమును జేర్చినవాడు డాన్ ఎడ్వర్డ్సు. అయితే నౌకలు విడుచు టార్పెడోలను మాత్ర మా నక్షత్రము లాగదు. వానికిగూడ నా లెక్క కట్టుటకు నాటి యంత్రమునకు వ్యవధి చాలకపోవుటయే యిందుకు కారణము. మరియు తెర యొక యంచును దాటిపోయిన నౌక యెదుటి యంచున మరల ప్రవేశించును. ఈ యంచుల నియమమును మా యన్నయ్య తన యాటలో నట్లే నిలుపుకొనెను. నా కథయంతయు దానిమీదనే నడచినది.

పరీక్షించుటకు నేను కొన్ని పద్ధతు లేర్పరచుకొంటిని. ఒకేసారి రెండింటిని మార్చరాదు. వేగము మార్చిన దినమున దూరము మార్చరాదు. ప్రతి దూరమునుండియు నిరువదిమారులు ప్రయోగించి, తగిలినవెన్నియో, తప్పినవెన్నియో వ్రాయవలెను. సూటిగా పోవు టార్పెడోయు, మూడు ముక్కలై చెదరు గుండును ఈ పరీక్షలో నెగ్గినవి. పిమ్మట అన్నయ్య మూడవదానిని దెచ్చెను. అది శత్రునౌక యెటు తిరిగిన నటు తిరిగి వెంటాడు బాణము. దాని యింధనము కొన్ని క్షణములకు మాత్రమే చాలును.

ఈ బాణమును పరీక్షించుటకు నెదుటివారు కావలసివచ్చి మా చెల్లెలిని పిలిచితిని. ఆమె యేడవ తరగతి చదువుచున్నది. రెండవ యాటలోనే నేనొక రహస్యమును కనిపెట్టితిని. నా నౌకను తెర యంచున నిలిపి, ఆమె బాణము దగ్గరకు రాగానే యంచు దాటిపోయిన యెడల, బాణము నా వెంట నంచును దాటుటకు మారుగా వెనుదిరిగి, తెరయంతయు నడ్డముగా ప్రయాణము చేయును. నన్ను చేరకమునుపే దాని యింధనము ముగియును. ఇది స్పష్టముగా దోషమే. కాని దాని వలన నాకు విజయము చేకూరుచుండెను. పండ్రెండాటలలో పదునొకండు గెలిచితిని. ఆ సాయంకాలము నోటుపుస్తకమున "దోష మేమియు కానరాలేదు" అని వ్రాసితిని.

మరునాడు పిలువగా చెల్లెలు రాలేదు. "నాకీ యాట చేతగాదు చిన్నన్నయ్యా, నీవే యాడుకొనుము" అని వంటయింటిలో అమ్మ దగ్గరకు పోయి కూర్చుండెను. ఆమెకు చేతగాకపోలేదని యెరిగినవాడ నేనొక్కడనే. ఆపైన, వచ్చు సోమవారమున అన్నయ్య యా యాటను తన యధ్యాపకులకు చూపవలసియుండెను. నా మాట నమ్మియే యతడు వేరొక పనిలో పడెను. మూడు దినములు నేను నోరు మెదపలేదు. నాల్గవ రాత్రి నిద్ర పట్టక, లేచిపోయి, అతని ముందు నోటుపుస్తకము తెరచి యున్నదున్నట్లు చెప్పితిని.

అన్నయ్య కోపపడలేదు. "నేను నిన్ను గెలుచుటకు నియమించితినా, చూచుటకు నియమించితినా?" అని మాత్ర మడిగెను. కోపపడియున్న నాకంత కష్టము తోచియుండదు. పిమ్మట లోపమెక్కడ నున్నదో యిద్దరమును వెదకితిమి. బాణము శత్రువు దూరమును తెరలోపలినుండియే లెక్కించుచుండెను. లోపలి దారి, అంచు దాటు దారి, ఈ రెంటిని గొలిచి, తక్కువదానిని పట్టుకొనునట్లు మార్చుటకు అరగంట చాలినది.

అప్పుడు అన్నయ్య మరియొక సంగతి చెప్పెను. రస్సెల్ తొలుత తన టార్పెడోలు కొంచెము గురి తప్పుచుండునట్లు చేసి చూచెనట. నమ్మదగని యాయుధమును ఆడువారు మెచ్చకపోగా దానిని తీసివేసెనట. "ఆయుధము సంగతి యట్లుండగా, పరీక్షించువాడు నమ్మదగనివాడైన నేమి చేయవలెను?" అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఉదయమున చెల్లెలికిని జరిగినది చెప్పి, మరల నాడుమని బతిమాలితిని. ఆమె చాలసేపు నావంక చూచి, తుదకు వచ్చెను. ఆనాటి పండ్రెండాటలలో నేను ఏడింట నోడితిని. ఆ దినపు మామిడిపండ్లు రెండును ఆమెకే యిచ్చితిని.

నోటుపుస్తకములోని యబద్ధపు పంక్తిని నేను చెరిపివేయలేదు. దానిపై నొక గీత గీసి, క్రింద నిజమును వ్రాసితిని. ఆ పుట యిప్పటికిని నా యొద్దనే యున్నది. ఏ పరీక్షకైన కూర్చుండుటకు ముందు దాని నొకమారు తిరుగవేసి చూచుచుందును.