చిన్నాయన అమ్మేసిన పిల్లోడు

మా మనవరాలు బడి లైబ్రరీ నుంచి ‘కిడ్నాప్డ్’ అనే ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. నేను చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో. అందుకని అది రోజూ కొంచెం చదివి తెలుగులో చెప్పింది, నేను విన్నాను. వింటుంటే మన ఇళ్ళ కథే అనిపించింది.

రాసినాయన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్, స్కాట్లాండ్ ఆయన. మన నండూరి రామమోహనరావుగారు ‘కాంచనద్వీపం’ అని తెలుగు చేసింది ఈయన పుస్తకమే. చిన్నప్పటి నుంచీ రొమ్ము జబ్బు మనిషి. మంచాన పడి కూడా రాసేవాడట. ఈ కథ 1886లో పిల్లల పత్రికలో వచ్చింది. 1894లో, 44 ఏళ్ళకే, సమోవా దీవిలో పోయాడు. దూది దుమ్ములో పనిచేసి ఈనాటికీ దగ్గుతున్న నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

కథ 1751లో మొదలవుతుంది. తండ్రి పోయిన డేవిడ్ చిన్నాయన ఇంటికి వస్తాడు. ఆస్తి న్యాయంగా ఈ పిల్లోడిది. చిన్నాయన ఓడ కెప్టెన్‌కు 20 పౌన్లు ఒప్పుకొని, వీణ్ణి అమెరికాలో అమ్మెయ్యమంటాడు. కెప్టెన్ తియ్యగా మాట్లాడి ఓడ చూద్దువు రమ్మంటాడు. ఎక్కినాక తలమీద దెబ్బ. తెలివొచ్చేసరికి కాళ్ళూ చేతులూ కట్టేసి చీకట్లో పడున్నాడు.

మనకూ ఓడలున్నాయి. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో నాటాల్ చెరుకు తోటలకు పోయింది. ఆ తర్వాత పోయిన ఓడల్లో మన ఆర్కాటు, చిత్తూరు వైపు తెలుగువాళ్ళు ఎంతోమంది.

ఇప్పుడు మన తామరైపాక్కం వైపు ఓడ రాదు, వ్యాన్ వస్తుంది. సుమంగళి పథకం అంటారు. మూడేళ్ళు హాస్టల్‌లో ఉండి నూలు మిల్లులో పనిచేస్తే పెళ్ళికి ఒకేసారి సొమ్ము ఇస్తామంటారు. మా వీధి పిల్ల ఒకతె అట్లా పోయి, గడువుకు ముందే జబ్బుతో తిరిగొచ్చింది. సొమ్ము రాలేదు. అడగడానికి కాగితమూ లేదు, సాక్షీ లేడు.

డేవిడ్ గెలిచింది కత్తితో కాదు. లాయరుతో కలిసి చీకట్లో దాక్కుని, చిన్నాయన నోటితోనే నిజం చెప్పించి విన్నారు. సాక్షులు ఉన్నారు కాబట్టి ఆస్తి రాబడిలో మూడింట రెండు వంతులు వాడికి వచ్చింది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, బ్రోకరు వస్తే నలుగురి ముందర మాట్లాడించండి. ఒప్పుకున్నది రాయించండి. జీతం నెలనెలా ఇవ్వాలని 1936 నుంచే చట్టం ఉంది, గట్టిగా అడగండి. పిల్ల రోజూ ఇంటికి ఫోను చెయ్యొచ్చా, పండక్కి పంపిస్తారా అని అడగండి. నసిగితే వ్యాన్ ఎక్కించకండి.